ఆ యాభై వేలు ఎవరివి?

రెండు నెలల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం మా వెనక వీధి అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. మెకానికల్ ఇంజినీరింగ్ చదివాడు, వయసు 27. నాలుగేళ్లు ఒక కాల్ సెంటర్‌లో చేసిన ఉద్యోగం పోయింది. ఆ తర్వాత అమీర్‌పేటలో, మైత్రీవనం దగ్గర, ఎస్‌ఏపీ ఫైకో కోర్సు (పెద్ద కంపెనీలు లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ నేర్పేది) పూర్తి చేశాడు. ఫీజు కోసం వాళ్ల అమ్మ మెడలో గొలుసు తాకట్టుకు వెళ్లింది. మూడు చోట్ల ఇంటర్వ్యూకు పిలిచారు. మూడు చోట్లా పది నిమిషాల్లోనే పంపించేశారు.

"బీటెక్ అనేసరికి వద్దంటున్నారేమో అక్కా. బీకాం చదివి ఉంటే తీసుకునేవారు" అన్నాడు.

నేను ఒక తెల్ల కాగితం, పెన్ను అతని ముందు పెట్టాను. "రాణిగంజ్‌లో మోటార్లు అమ్మే దుకాణం ఉందనుకో. ఒక అపార్ట్‌మెంటు సంఘం వాళ్లు మోటారు కావాలని 50,000 అడ్వాన్సు బ్యాంకులో వేశారు. మోటారు వచ్చే నెల ఇస్తారు. దీనికి పద్దు రాయి" అన్నాను.

"ఏ స్క్రీన్‌లో అక్కా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోగా తనే అందుకున్నాడు. "ఎఫ్-29. కస్టమర్ కోడ్ ఇచ్చి, స్పెషల్ జీఎల్ దగ్గర 'ఎ' పెట్టాలి."

తప్పేమీ చెప్పలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో కస్టమర్ ఇచ్చిన అడ్వాన్సు నమోదు చేసేది అక్కడే. అంత కచ్చితంగా గుర్తుపెట్టుకున్నందుకు మెచ్చుకున్నాను కూడా. "సరే, ఇప్పుడు స్క్రీన్ వదిలేయి. ఆ యాభై వేలు ఎవరివి?" అన్నాను.

"దుకాణం వాళ్లవే కదా. వాళ్ల ఖాతాలో పడ్డాయి. అమ్మకం కింద చూపిస్తారు."

అక్కడ అర్థమైంది నాకు, ఆ మూడు ఇంటర్వ్యూలు ఎందుకు ఆగిపోయాయో. ఆ సంఘం వాళ్లు రేపు వచ్చి "మోటారు వద్దు, డబ్బు ఇచ్చేయండి" అంటే ఇవ్వాల్సిందే. కాబట్టి మోటారు చేతికిచ్చేదాకా ఆ యాభై వేలు దుకాణం నెత్తిన ఉన్న బాకీ. ఈ ఒక్క సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ఇది తెలియకుండానే ఆ స్క్రీన్ నింపడం నేర్పారు, ఫీజు తీసుకున్నారు.

ఆ రోజు నుంచి ఈ విషయం నన్ను వదలడం లేదు. నేనూ కామర్స్ చదవలేదు. 29 ఏళ్ల వయసులో, ఒక బిడ్డ తల్లిగా, రసాయనశాస్త్రం వదిలి అకౌంట్స్‌లోకి వచ్చాను. వేరే చదువు చదివి ఇటు రావాలనుకునే వాళ్లు ఈ నగరంలో చాలామంది. వాళ్లలో కొందరు నన్ను ఏ కోర్సు చేయాలి అని అడుగుతుంటారు. నా అభిప్రాయం ఏమిటంటే, కోర్సు సంగతి తర్వాత. ముందు ఒక చిన్న వ్యాపారం లెక్కలు, మొదటి బిల్లు నుంచి రెండు వైపులా మొత్తాలు సరిచూసే చివరి అంకణా దాకా, తమ చేత్తో ఒక్కసారైనా నడపాలి. ఎవరి డబ్బు ఎవరి దగ్గర ఉందో కనిపెట్టే చూపు అక్కడే వస్తుంది. ఈ మాట అనడం తేలికే. దీనికి ఉన్న చిక్కులు నాకు తెలుసు కాబట్టే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

సంచిలోని బిల్లులు

ఉస్మానియాలో ఆర్గానిక్ కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేశాక ఆరేళ్లు ఒక మందుల కంపెనీ నాణ్యతా పరీక్షల ల్యాబులో పనిచేశాను. బాబు పుట్టాక రాత్రి షిఫ్టులు చేయడం వల్ల కాలేదు. 2017 జూన్‌లో హిమాయత్‌నగర్‌లో ఒక చార్టర్డ్ అకౌంటెంట్ ఆఫీసులో సహాయకురాలిగా చేరాను. ల్యాబులో నెలకు 28,000 వచ్చేవి. ఇక్కడ 11,000. నా పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయికి ఇరవై ఏళ్లు, బీకాం చివరి ఏడాది చదువుతోంది. వోచర్ ఎలా రాయాలో నాకు చూపించింది ఆ అమ్మాయే.

ఆ ఆఫీసులో పెద్ద అకౌంటెంటు గారు ఒకరు ఉండేవారు. అప్పటికే అరవై దాటిన మనిషి. లావాదేవీలు వరుసగా రాసే పుస్తకానికి ఆయన నోట జర్నల్ అనే మాట వచ్చేది కాదు, చిట్టా అనేవారు. ఒక్కో ఖాతాను విడిగా చూపే లెడ్జర్ ఆవర్జా, ట్రయల్ బ్యాలెన్స్ అంకణా, లెక్క తేలని మొత్తాన్ని తాత్కాలికంగా పెట్టే సస్పెన్స్ ఖాతా అనామతు. నేను చేరిన మూడో రోజు ఆయన ఒక గుడ్డ సంచి నా బల్ల మీద పెట్టారు. రాణిగంజ్‌లో పైపులు, కుళాయిలు అమ్మే దుకాణం తాలూకు ఒక నెల బిల్లులు అందులో ఉన్నాయి. ఒక పొడుగాటి పుస్తకం ఇచ్చారు. "కంప్యూటర్ ముట్టుకోవద్దమ్మా. ఇవన్నీ చేత్తో రాయి. ప్రతి బిల్లు దగ్గరా రెండే ప్రశ్నలు వేసుకో. పుచ్చుకున్నది ఎవరు, ఇచ్చింది ఎవరు. జంటపద్దు అంటే అంతే" అన్నారు.

మూడు వారాలు పట్టింది. పోగులు వేశాను, తేదీల వారీగా పేర్చాను, చిట్టా రాశాను, ఆవర్జాకు ఎక్కించాను. అంకణా తీస్తే రెండు వైపులా కలవలేదు. 2,700 తేడా. ఎక్కడుందో తెలియదు. ఆయన్ను అడిగితే నా పుస్తకం తెరిచి చూడలేదు. "ముందు రెండుతో భాగించు. ఆ అంకె ఎక్కడైనా కనిపిస్తే ఒక మొత్తాన్ని అటు రాయాల్సింది ఇటు రాశావన్నమాట. లేకపోతే తొమ్మిదితో భాగించు. శేషం లేకుండా పోయిందంటే అంకెలు తారుమారు అయి ఉంటాయి" అన్నారు. రెండుతో భాగిస్తే 1,350. ఆ అంకె ఎక్కడా లేదు. తొమ్మిదితో భాగిస్తే 300, శేషం సున్నా. మర్నాడు మధ్యాహ్నానికి దొరికింది. లారీ కిరాయి 6,300. నగదు చిట్టాలో సరిగ్గానే ఉంది. ఆవర్జాకు ఎక్కించేటప్పుడు నా చెయ్యి 3,600 అని రాసింది.

ల్యాబులో ఒక పరీక్ష ఫలితం ఉండాల్సిన హద్దు దాటితే ఇంకోసారి పరీక్ష చేసి మంచి అంకె వచ్చేదాకా చూసుకోవడం కుదరదు. ముందు కారణం వెతకాలి. బరువు తూచడంలోనా, ద్రావణం కలపడంలోనా, యంత్రంలోనా? కారణం రాతపూర్వకంగా తేలేదాకా రెండో పరీక్ష లేదు. ఆరేళ్లు నా చేత అదే చేయించారు. అందుకే ఆ 2,700ను అనామతు ఖాతాలో వేసి అంకణా కలిపేయాలన్న ఆలోచన నాకు రాలేదు. పక్క కుర్చీ అమ్మాయి "అక్కా, అనామతులో పెట్టేయండి, ఏడాది చివర చూసుకుందాం" అంది. ఆమెకు కాలేజీలో అలాగే చెప్పారు. ఆమె తెలివితక్కువది కాదు, నాకంటే వేగంగా పనిచేసేది. తప్పును వెంటాడే అలవాటు మాత్రం నాకు వేరే చోట అబ్బింది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ల్యాబులో తప్పు రాస్తే తెల్లరంగు పూయకూడదు. ఒకే గీత కొట్టాలి, పాత అంకె కింద కనిపిస్తూ ఉండాలి, పక్కన సంతకం, తేదీ. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఏ పద్దు ఎవరు ఎప్పుడు మార్చారో జాడ మిగలాలని 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన వచ్చినప్పుడు మా ఆఫీసులో కొందరు చిరాకుపడ్డారు. నాకు మాత్రం పాత ఇంటికి వెళ్లినట్టు అనిపించింది.

ఆ గుడ్డ సంచిలోనే కొన్ని పెట్రోలు బిల్లులు ప్లాస్టిక్ కవరులో ఉండేవి. తీసి చూస్తే సగం తెల్ల కాగితాలే. ఆ బిల్లులు వేడి తగిలితే నలుపెక్కే కాగితం మీద అచ్చవుతాయి. ఆ పూత ఎండకూ, కొన్ని రకాల ప్లాస్టిక్‌లోని మెత్తబరిచే రసాయనాలకూ చెడిపోతుంది. నేను దుకాణం యజమానికి ఫోను చేసి, బిల్లు వచ్చిన రోజే జిరాక్సు తీయించి కాగితం కవరులో పెట్టమని చెప్పాను. ఆయన పదేళ్లుగా వాటిని "పాడవకుండా" ప్లాస్టిక్‌లో దాస్తున్నారట. ఆ ఫోను పెట్టేశాక, ఆ ఆఫీసులో చేరిన తర్వాత మొదటిసారి, నా ఎమ్మెస్సీ వృథా పోలేదని అనిపించింది. ఆ క్షణం నాకు ఇప్పటికీ విలువైనదే.

అందుకే "సంబంధం లేని డిగ్రీ" అనే మాట నాకు నచ్చదు. సివిల్ ఇంజినీరు కొలతల పుస్తకం చదవగలడు, కాంట్రాక్టరు బిల్లులో ఎన్ని ఘనపు మీటర్ల కాంక్రీటు నిజంగా పడిందో అడగగలడు. నర్సింగ్ చదివిన మనిషికి ఆస్పత్రి బిల్లులో ఏది మందు, ఏది పరికరం అన్నది చెప్పక్కర్లేదు. అయితే ఇవన్నీ పనికొచ్చేది పద్దు అర్థమయ్యాకే. ఆ ఒక్కటీ లేకపోతే పాత చదువు ఎంత గొప్పదైనా అకౌంట్స్‌లో నోరు విప్పలేదు.

పరీక్షల గురించి క్లుప్తంగా

తలుపులు మూసి ఉన్నాయనుకునే వాళ్ల కోసం ఇది. చార్టర్డ్ అకౌంటెన్సీలో కామర్స్ డిగ్రీ వాళ్లకు 55 శాతం, మిగతా డిగ్రీల వాళ్లకు 60 శాతం మార్కులుంటే మొదటి మెట్టు పరీక్ష ఫౌండేషన్ లేకుండా నేరుగా రెండో మెట్టు ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. సీఏ దగ్గర పని నేర్చుకునే ఆర్టికల్‌షిప్ ఇప్పుడు మూడేళ్లు కాదు, రెండేళ్లే. నేను కాస్ట్ అకౌంటెన్సీ ఎంచుకున్నాను. నా ఎమ్మెస్సీతో నేరుగా ఇంటర్మీడియట్‌లో చేరనిచ్చారు. ఉద్యోగం చేస్తూ, బాబును నిద్రపుచ్చాక చదివి, మూడు ప్రయత్నాల్లో రెండు గ్రూపులూ గట్టెక్కాను. ఫైనల్ ఇంకా మిగిలి ఉంది, రాస్తాను. ఈ పరీక్షలను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. ఆడిట్ నివేదిక కింద సంతకం పెట్టే అధికారం వాటితోనే వస్తుంది. కానీ ముప్పై దగ్గర పడుతున్న మనిషి, ఇల్లు గడవాల్సిన మనిషి, ముందు పరీక్ష పాసయ్యి తర్వాత పని చూసుకుందామనుకుంటే మధ్యలో ఊపిరి చాలదు. రాణిగంజ్ సంచి చూసిన తర్వాత చదివితే తరుగుదల అధ్యాయం, సర్దుబాట్ల అధ్యాయం నాకు తెలిసిన మనుషుల గురించి రాసినట్టు ఉండేవి. చూడకముందు అవే పేజీలు రెండుసార్లు చదివినా తలకెక్కలేదు.

నా అదృష్టం ఎంత?

నా వాదనకు అన్నిటికన్నా గట్టి దెబ్బ బయటి నుంచి రాలేదు. నా కథలోనే ఉంది.

నేను చేరిన నెల తిరక్కుండానే, 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. వ్యాట్ లాంటి పాత అమ్మకపు పన్నుల్లో ఇరవై ఏళ్లు పండిన వాళ్లు కూడా ఆ ఉదయం నాతోపాటు మొదటి పేజీ తెరిచారు. జూలై నెల రిటర్నుకు ఆగస్టు 20 గడువు. పోర్టల్ కదలలేదు. గడువు 25కి జరిపారు. ఆ వారమంతా మా ఆఫీసులో రాత్రి పదిన్నర దాకా లైట్లు ఆర్పలేదు. పెద్దవాళ్లు పాత పన్ను నియమాలతో పోల్చి తికమకపడుతుంటే, పోల్చడానికి నా దగ్గర పాతది ఏమీ లేదు. నోటిఫికేషన్ చదవడం, అందులో ఉన్నది ఉన్నట్టు వరుసగా చేయడం ల్యాబులో నా రోజువారీ పని. అలా మూడు నెలల్లో ఆఫీసులో జీఎస్టీ సందేహం వస్తే నన్ను అడగడం మొదలైంది. ఆ రోజుల్లో తాత్కాలికమని తెచ్చిన 3బి అనే ఆ జీఎస్టీ రిటర్ను ఇప్పటికీ ప్రతి నెలా 20వ తేదీకి వేస్తూనే ఉన్నాం.

మరి నేను నిలబడింది చేత్తో రాసిన చిట్టా వల్లా? దేశమంతా ఒకేసారి కొత్తగా మొదలుపెట్టిన ఏడాదిలో చేరినందువల్లా? దీని గురించి నిజాయితీగా ఆలోచిస్తే రెండోదాని వాటా తక్కువేమీ కాదు. ఇప్పుడు చేరే అబ్బాయికి ఆ సమతలం లేదు. అతని ముందు ఎనిమిదేళ్లు ముదిరిన వ్యవస్థ ఉంది, అందులో ఆరితేరిన మనుషులు ఉన్నారు.

అయినా నా మాట వెనక్కి తీసుకోను. ఎందుకంటే ఆ ఏడాది నేర్చుకున్న నియమాల్లో సగం తర్వాత మారిపోయాయి. నాకు మిగిలింది సంచి నేర్పిన చూపు. రెండేళ్ల కిందట మా ఖాతాదారు ఒకరికి సరఫరాదారులు చూపిన బిల్లులతో 14వ తేదీన పోర్టల్‌లో వచ్చే 2బి పట్టికలో బేగంబజార్ సరఫరాదారు బిల్లు ఒకటి కనిపించలేదు. అందులో కనిపించని బిల్లు మీద పన్ను జమ, అంటే కొన్నప్పుడు ఇచ్చిన పన్నును మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం, కుదరదు. బిల్లు మా చేతిలో ఉంది, సరుకు వచ్చింది, డబ్బు ఇచ్చేశారు. మా కుర్రవాడు సరఫరాదారు పన్ను ఎగ్గొట్టాడని తేల్చేశాడు. నేను ఆ బిల్లు తీసుకుని "ఇచ్చింది ఎవరు, పుచ్చుకున్నది ఎవరు" అని మళ్లీ చూశాను. పుచ్చుకున్న వాళ్ల జీఎస్టీ నంబరు 37తో మొదలైంది. మా ఖాతాదారుకు విజయవాడలో కూడా దుకాణం ఉంది. పాన్ ఒకటే కాబట్టి నంబరులో మొదటి రెండంకెల తర్వాత పదక్షరాలూ ఒకటే. తెలంగాణ 36 బదులు ఆంధ్రప్రదేశ్ 37 పడింది. హైదరాబాద్ రావాల్సిన జమ విజయవాడకు చేరింది. సరఫరాదారుకు ఫోను చేస్తే మర్నాటికల్లా సవరణకు ఒప్పుకున్నాడు. ఆ ఫోను కాస్త ఆలస్యమై, మా కుర్రవాడి మాట నమ్మి ఉంటే పదిహేనేళ్ల వర్తక సంబంధం చెడేది.

చిన్న ఆఫీసులో మరో పాఠం

చిన్న ఆఫీసులో చేరమని చెప్పేటప్పుడు నాకు గొంతులో అడ్డుపడే విషయం ఇంకొకటి ఉంది. చిన్న ఆఫీసులు పనితోపాటు తప్పుడు పనీ నేర్పగలవు. కొత్తగా వచ్చినవాళ్లకు ఏది ఆనవాయితీ, ఏది నేరం అన్న తేడా తెలియదు.

2019లో నేను మారిన రెండో ఆఫీసు పేరు చెప్పను. అక్కడ ఒక ఖాతాదారు అప్పు పరిమితి నిలబెట్టుకోవడానికి బ్యాంకుకు పంపే సరుకు పట్టికలో విలువ పెంచి చూపించేవారు. దానికి సరిపోయేలా సరుకు పుస్తకాన్ని వెనక తేదీలతో మళ్లీ రాయమన్నారు. ల్యాబులో వెనక తేదీ వేయడం కన్నా పెద్ద తప్పు లేదు. దాని కోసం ఉద్యోగాలు పోవడం నా కళ్లతో చూశాను. నేను రాయనన్నాను. నా పక్కన 22 ఏళ్ల అబ్బాయి మారు మాట్లాడకుండా రాశాడు. అది తప్పని అతనికి తెలియదు. మార్చి నెలలో అందరూ చేసే పని అదేననుకున్నాడు. ఐదు నెలల్లో నేను అక్కడి నుంచి వచ్చేశాను. అతను ఏమయ్యాడో తెలియదు. అతనికి ఆ రోజే గట్టిగా చెప్పకపోవడం నా తప్పు. దాన్ని నేను మరచిపోలేదు.

ఈ నగరంలో ఉంటూ ఈ విషయం తేలిగ్గా తీసుకోలేం. 2009 జనవరి 7 నాటికి నేను బీఎస్సీ చివరి ఏడాదిలో ఉన్నాను. సత్యం ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్లలో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆ రోజు బయటపడింది. అప్పట్లో నాకు అది సాఫ్ట్‌వేర్ కంపెనీ వార్త. మా పెద్ద అకౌంటెంటు గారి దగ్గర చేరాకే అది బ్యాంకు నిల్వ వార్త అని అర్థమైంది. నా మొదటి నెలలోనే ఆయన చెప్పిన మాట ఇది: "బ్యాంకు కాగితం యజమాని చేతి నుంచి తీసుకోవద్దమ్మా. బ్యాంకు నుంచే తెప్పించు. యజమాని దేవుడైనా సరే."

కాబట్టి చిన్న ఆఫీసు అని గుడ్డిగా చెప్పడం సరికాదు. అక్కడ ఆయనలాంటి మనిషి ఒకరు ఉండాలి. నాకు దొరికారు. అందరికీ దొరుకుతారని నేను మాట ఇవ్వలేను. చేరేముందు ఒక్క ప్రశ్న అడిగితే కొంత తెలుస్తుంది. "మార్చి నెలలో ఇక్కడ పని ఎలా ఉంటుంది?" అని అక్కడి కుర్రవాళ్లను టీ దగ్గర అడగండి. చూపులు తప్పిస్తే చేరకండి.

యంత్రం సంగతి

"ఇదంతా ఎందుకు, అన్నీ యంత్రమే రాస్తుంది కదా" అనే వాళ్లకు ఒక్క ఉదాహరణ చాలు. ఏడాది టర్నోవరు ఐదు కోట్లు దాటిన వ్యాపారాలకు 2023 ఆగస్టు నుంచి ఇ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) తప్పనిసరి. బ్యాంకు లావాదేవీలు తమంతట తామే సాఫ్ట్‌వేర్‌లోకి వస్తాయి. మంచిదే, నాకు చేతినొప్పి తగ్గింది. గత ఏడాది అలా వచ్చిన ఒక చెల్లింపును సాఫ్ట్‌వేర్ "శిక్షణ ఖర్చు" కింద వేసింది. 1,85,000. ఒక కాలేజీ పేరు ఉంది. అది యజమాని కొడుకు ఫీజు. దుకాణం ఖర్చు కాదు, యజమాని సొంతవాడకం. ఆ కుర్రవాడు ఇంజినీరింగ్‌లో చేరాడని స్వీట్లు పంచినప్పుడు తిన్నాను కాబట్టి నాకు తెలిసింది.

జీతం దగ్గర నా వాదన తలవంచిన రోజు

మళ్లీ మా వెనక వీధి అబ్బాయి దగ్గరకు వస్తాను. ఆ ఆదివారం తర్వాత రెండు వారాల్లో అతనికి రెండు అవకాశాలు వచ్చాయి. ఒకటి నేను మాట్లాడి చూసిన హిమాయత్‌నగర్ ఆఫీసు. అక్కడ నాకు తెలిసిన మంచి మనిషి ఉన్నారు, పని నేర్పుతారు, నెలకు 13,000 ఇస్తారు. రెండోది రాయదుర్గంలో ఒక పెద్ద విదేశీ కంపెనీ తాలూకు సేవా కేంద్రం. 23,000, క్యాబు, రాత్రి భోజనం. అక్కడ పని ఆర్డరు, సరుకు అందిన రసీదు, బిల్లు ఈ మూడూ సరిపోయాయా లేదా చూసి తర్వాతి మనిషికి పంపడం. రోజంతా అదే. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో, ఎక్కడికి పోతుందో ఆ కుర్చీలోంచి కనిపించదు.

"ఏది తీసుకోమంటావు అక్కా?" అని అడిగాడు.

నా అభిప్రాయం మీకు ఇప్పటికే తెలుసు. కానీ నేను 11,000కు చేరగలిగానంటే మావారి జీతంతో ఇల్లు గడిచింది కాబట్టి. ఇంటి అద్దె లేదు, మా మామగారు కట్టిన ఇల్లు. బాబును మా అత్తగారు చూసుకున్నారు. నా ధైర్యం అనుకున్న దానిలో ఎక్కువ భాగం వాళ్లది. ఈ అబ్బాయికి తండ్రి లేడు. మూసాపేటలో వాళ్ల అమ్మ టైలరింగ్ దుకాణం మీదే ఇల్లు నడుస్తోంది, గొలుసు మీద నెలనెలా వడ్డీ పెరుగుతోంది. అలాంటి ఇంట్లో పది వేల తేడా ఉన్నచోట నా సిద్ధాంతం కోసం తక్కువ జీతానికి వెళ్లమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. రాయదుర్గం వెళ్లమన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంతమందికి చెప్పే మాటను అవసరం వచ్చినప్పుడు నేనే పక్కన పెట్టాను. అంటే అది స్థోమత ఉన్నవాళ్లకు మాత్రమే పనికొచ్చే సలహానా? ఇన్నేళ్లూ "చిన్న ఆఫీసు" అని చెబుతూ వచ్చాను కానీ, నాకు చదువు నేర్పింది ఆఫీసా, ఆ సంచా? పుస్తకం, బిల్లులు, తప్పు చూపించే మనిషి ఉంటే చాలదా? పొద్దున్నే అతనికి ఫోను చేసి, ఒక పొడుగాటి పుస్తకం కొనుక్కుని వాళ్ల అమ్మ దుకాణం లెక్కలు రాయమన్నాను. ఆదివారం పూట తీసుకొస్తే నేను చూస్తానన్నాను. ఇది ఆఫీసు పనికి సమానం కాదని తెలుసు. జీఎస్టీ ఉండదు, మన పుస్తకాన్ని బ్యాంకు లెక్కతో సరిచూసే బ్యాంకు సమన్వయ పట్టిక ఉండదు. కానీ చిట్టా ఉంటుంది, ఆవర్జా ఉంటుంది, కలవని అంకణా ఉంటుంది.

ఇప్పటికి ఐదు ఆదివారాలు అయ్యాయి. రెండో వారం అతను తెచ్చిన పుస్తకంలో పెళ్లి బ్లౌజుల అడ్వాన్సులన్నీ మళ్లీ ఆదాయం వైపే ఉన్నాయి. నేను దిద్దలేదు. పుస్తకం పట్టుకుని ఇద్దరం మూసాపేట వెళ్లాం. పిన్నిగారు మెషీను ఆపకుండానే, "అమ్మాయ్, వీడు మొన్నటి నుంచి నన్ను ఒకటే అడుగుతున్నాడు, ఎవరిచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు అని" అన్నారు.

"అడ్వాన్సులు ఎక్కడ పెడతావమ్మా?" అని అతనే అడిగాడు.

ఆమె కుర్చీ కింద నుంచి ఒక బిస్కెట్ల డబ్బా తీశారు. రోజువారీ డబ్బులు మెషీను సొరుగులో ఉంటాయి, ఇవి అక్కడ కలపరు. ఒక్కో నోటు మడతకు ఒక్కో గుడ్డ ముక్క గుండుసూదితో గుచ్చి ఉంది. ఆకుపచ్చ పట్టు ముక్కకు 1,000. మెరూన్ ముక్కకు 1,500. పసుపు ముక్కకు 500. అయిదారేళ్ల కిందట ఒక పెళ్లి తప్పిపోయి, వాళ్లు వచ్చి అడ్వాన్సు అడిగితే, అప్పటికే ఖర్చయిపోయి, పక్క దుకాణంలో చేబదులు తెచ్చి ఇవ్వాల్సి వచ్చిందట. అప్పటి నుంచి బ్లౌజు చేతికిచ్చాకే ఆ ముక్క విప్పి, డబ్బు సొరుగులో వేసుకుంటారు.

"ఈ డబ్బా చిన్నప్పటి నుంచి చూస్తున్నాను అక్కా" అన్నాడు అతను. తర్వాత స్టూలు మీద కూర్చుని, తను రాసిన పేజీలో అమ్మకాల కింద ఉన్న మూడు పద్దుల మీద ఒక్కొక్క గీత కొట్టాడు. పాత అంకె కింద కనిపిస్తూనే ఉంది. పక్కన పొడి అక్షరాలు, తేదీ వేశాడు. కొత్త పేజీ తిప్పి పైన "కస్టమర్ల అడ్వాన్సులు" అని రాసి, "ఆకుపచ్చది ఎవరిదమ్మా?" అని అడిగాడు.